మనియార్డరు తగ్గిన లెక్క

ప్రతి నెలా పదో తారీకు దాటిందంటే అమ్మీ చెవులు గల్లీలోనే ఉండేవి. పోస్ట్‌మాన్ సైకిల్ గంట వినపడగానే పరదా వెనక నిలబడి అడిగేది: "ఖర్చా ఆయా క్యా భాయ్?" పోస్ట్‌మాన్ తెలుగాయన. ఉర్దూ రాదు. కానీ ఆ ఒక్క మాట ఆయనకు బాగా తెలుసు. "వచ్చిందమ్మా" అన్న రోజు కిరాణం సేటు బాకీ కొంత తీరేది. "రాలేదమ్మా" అన్న రోజు మేం ముగ్గురం చప్పుడు చేయకుండా బడికి పోయేవాళ్ళం.

మేం ముగ్గురం అంటే పెద్దోడు, నడిపోడు, చిన్నది. ఈ అక్షరాలు రాస్తున్న చెయ్యి నడిపోడిది. పేపర్లో పని చేస్తాడు కాబట్టి రాసే పని వాడి మీద పడింది. మాట మాత్రం ముగ్గురిదీ.

మా మనియార్డరుకు ఒక లెక్కుంది. 1987 నుంచి 1995 జూన్ దాకా మూడు వందలు. 1995 జూన్ తర్వాత రెండు వందలు. 1997 జూన్ తర్వాత వంద. 1999 జూన్ తర్వాత పోస్ట్‌మాన్ మా గల్లీలోకి వచ్చినా మా గుమ్మం ముందు ఆగలేదు. బయట బియ్యం ధర పెరుగుతూ పోతే మా మనియార్డరు తగ్గుతూ పోయింది. ఎందుకని అడిగితే "తుమ్ బడే హోగయే నా" అనేది అమ్మీ. మీరు పెద్దోళ్ళయ్యారు కదా అని. పెద్దవడం అంటే వంద రూపాయలు పోగొట్టుకోవడమని మాకు అట్లా తెలిసింది.

మేం పుట్టింది నల్లగొండ జిల్లాలో, హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీది ఒక టౌనులో. అబ్బా 1986లో అమ్మీకి తలాక్ ఇచ్చి హైదరాబాద్ పోయాడు. అక్కడ ఇంకో నిఖా చేసుకున్నాడు. అది ఏ ఏడాదో చూడండి. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో షాబానో కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1986లో ఆ తీర్పును పక్కన పెట్టడానికి పార్లమెంటు ముస్లిం మహిళల చట్టం చేసింది. దేశమంతా తలాక్ గురించే మాట్లాడుతోంది. మా మొహల్లాలో షరీఅత్‌ను కాపాడుకోవాలని తఖ్రీర్లు. బజార్లో చాయ్ హోటల్ దగ్గర ఇంకో రకం మాటలు: "మీవోళ్ళల్ల మూడుసార్లంటే అయిపోతదట కదా!" అటువాళ్ళూ ఇటువాళ్ళూ మాట్లాడింది మా అమ్మీ లాంటి వాళ్ళ గురించే. కానీ పక్క గల్లీలో ఉన్న అమ్మీని ఎవరూ ఏమీ అడగలేదు. మా ముగ్గురి సంగతైతే ఎవరికీ గుర్తే లేదు.

అమ్మీ కోర్టుకు పోతానంటే జమాత్ పెద్దలు ఇంటికొచ్చారు. "మన ఇంటి మాట కోర్టులో ఎందుకమ్మా, మేం చెప్పి ఇప్పిస్తాం" అన్నారు. అమ్మీ ఆర్నెల్లు చూసింది. వాళ్ళు చెప్పారో లేదో గానీ అబ్బా మాత్రం ఇవ్వలేదు. అప్పుడు బురఖా వేసుకుని, నానీని తోడు తీసుకుని, మమ్మల్ని ముగ్గుర్నీ వెంటబెట్టుకుని కోర్టు మెట్లెక్కింది. పిటిషన్ మీద ఉర్దూలో సంతకం చేసింది. గుమాస్తా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇవేం గీతలు? చదువు రాకపోతే నిశానీ వెయ్యాలె" అన్నాడు. ఏడో జమాత్ దాకా ఉర్దూ మీడియంలో చదివిన మనిషి. పొట్లం కట్టి వచ్చిన ఉర్దూ పేపరును కూడా విప్పి చదివి గానీ పారేయని మనిషి. ఆమె బొటనవేలికి సిరా పూశారు. ఆ కాగితం నకలు మా పెట్టెలో ఇప్పటికీ ఉంది. రికార్డు ప్రకారం మా అమ్మీకి చదువు రాదు.

కొత్త చట్టం ప్రకారం అమ్మీకి ఇద్దత్ మూడు నెలల దాకానే అన్నారు. ఆ మూడు నెలలు అప్పటికే అయిపోయాయి. పిల్లలకు మాత్రం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద తలా వంద ఇవ్వాలని మేజిస్ట్రేటు ఆర్డర్ వేశాడు. అప్పట్లో ఆ సెక్షన్ కింద ఐదు వందలకు మించి ఇవ్వడానికి వీల్లేదు. ఆ పరిమితిని 2001లో గానీ తీసేయలేదు. ఇవ్వకపోతే వారంటు తీయించవచ్చు, ఒక్కో నెల బాకీకి నెల దాకా జైల్లో వేయవచ్చు. కానీ బాకీ పడిన ఏడాది లోపల అడగాలి. అడగడమంటే మళ్ళీ వకీలు ఫీజు, మళ్ళీ బస్సు చార్జీ, మళ్ళీ నిశానీ. అందుకే అబ్బా ఎగ్గొట్టిన నెలలు కొన్ని అట్లాగే పోయాయి.

ఆ డబ్బును మా ఇంట్లో ఖర్చా అనేవాళ్ళం. మస్జిద్‌లో మౌల్వీసాబ్ నఫఖా అనేవాడు. కోర్టు కాగితాల్లో అది మనోవర్తి. పేపర్లలో భరణం. నాలుగు మాటలు ఉన్నా రూపాయలు మాత్రం మూడు వందలే.

ఇక మా పుట్టిన తేదీల కథ చెప్పాలి. పెద్దోడు పుట్టింది 1977లో, దివిసీమ తుఫాను వచ్చిన ఏడాది. బక్రీదుకు నెల ముందు అని అమ్మీ లెక్క. ఆ ఏడు తుఫాను, బక్రీదు రెండూ నవంబరులో రెండు మూడు రోజుల తేడాతో వచ్చాయి. అంటే వాడు అక్టోబరులో పుట్టాడన్నమాట. 1982 జూన్‌లో బడిలో వేయబోతే ఐదేళ్ళు నిండలేదు. హెడ్మాస్టరు మంచోడు. "పోనీ తీయమ్మా" అని రిజిస్టర్లో 1-6-1977 అని రాసుకున్నాడు. అదే చేత్తో తర్వాత నడిపోడికి 1-6-1979, చిన్నదానికి 1-6-1981. "ముగ్గుర్నీ జూన్ ఒకటినే కన్నావా అమ్మీ?" అని నవ్వేవాళ్ళం. మా తరం సాయిబుల పిల్లలు, ఆ మాటకొస్తే కూలోళ్ళ పిల్లలు, జూన్‌లో పుట్టినవాళ్ళు ఎంతమందో!

1995లో అబ్బా తరఫు వకీలు ఆ రిజిస్టర్ నకలు తెచ్చి కోర్టులో పెట్టాడు. పెద్దోడికి పద్ధెనిమిది నిండాయి, ఇక ఇవ్వనక్కర్లేదు అని. తెలుగులో వచ్చిన నోటీసును నడిపోడు అమ్మీకి ఉర్దూలో చదివి చెప్పాడు. తర్వాత బతుకంతా చేస్తూ వచ్చిన తర్జుమా పనిలో అదే మొదటిది. 'మేజరు అయినందున' అన్న చోట వాడు 'బాలిగ్' అన్నాడు. అమ్మీ తెల్లబోయింది. "బాలిగ్ అయి మూడేళ్ళయింది కదరా, మీసాలొచ్చె. ఇప్పుడెందుకు ఆపుతున్నారు?" కోర్టు లెక్క వేరు, పద్ధెనిమిదేళ్ళు అని చెప్తే, "పద్ధెనిమిది ఇంకా నిండలేదు, బక్రీదు ముందు కదా" అంది. నాలుగు నెలలు, నాలుగు వందలు. అమ్మీ బక్రీదు లెక్క కోర్టులో చెల్లలేదు, ఆమె ఉర్దూ సంతకం చెల్లనట్టే.

కోర్టు భాషలో పద్ధెనిమిది నిండకపోవడాన్ని మైనారిటీ అంటారు. ఆ మైనారిటీ మాకు హెడ్మాస్టరు రాసిన జూన్ ఒకటితో తీరిపోయింది. ఇంకో మైనారిటీ ఉంది. అది ఏ తారీకుతోనూ తీరలేదు.

ఏడో తరగతి ఒకసారి తప్పిన పెద్దోడు ఆ వేసవిలోనే ఇంటర్ పాసయ్యాడు. డిగ్రీ అప్లికేషన్ తెచ్చి నింపాడు కూడా. జూన్‌లో మనియార్డరు రెండు వందలే వచ్చింది. వాడు ఏమీ అనలేదు. మర్నాడు హైవే మీది లారీ బాడీ బిల్డింగ్ షెడ్డులో చేరాడు. ఆగిపోయిన వంద నెలకు. వాడు తెచ్చిన వంద వారానికి. కూడికలూ తీసివేతలూ చూస్తే మేం లాభపడ్డట్టే. అప్లికేషన్ మాత్రం చాలా రోజులు అల్మారా కింద కనిపిస్తూ ఉండేది. చివరికి అమ్మీ దాన్ని గిన్నె కింద పరిచింది.

పద్ధెనిమిది నిండిన మనిషి తన పొట్ట తాను పోసుకోగలడని చట్టం అనుకుంటుంది. పెద్దోడు నలుగురి పొట్టలు పోశాడు. అబ్బా బాధ్యత ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి వాడు అబ్బా అయ్యాడు. 1997 జూన్‌లో నడిపోడి వంద ఆగినప్పుడు వాడి బి.ఏ. మొదటి సంవత్సరమే అయింది. మిగిలిన రెండేళ్ళ ఫీజు వెల్డింగు నిప్పురవ్వలు పడి మచ్చలైన చేతుల్లోంచి వచ్చింది.

ముస్లిం పిల్లలు చదువుకోరు, మెకానిక్ షెడ్లలో చేరిపోతారు అని మా మీద తేలిగ్గా రాసేస్తుంటారు. 2006లో సచార్ కమిటీ మా చదువుల వెనుకబాటును లెక్కలతో సహా చెప్పింది. మంచిదే. కానీ ఆ షెడ్డులోకి పిల్లవాడు ఏ తలుపులోంచి వచ్చాడో కూడా ఎవరైనా అడగాలి కదా? మా పెద్దోడు ఒక కోర్టు కాగితంలోంచి వచ్చాడు.

చిన్నది మా ముగ్గుర్లో తెలివైనది. లెక్కల్లో నూటికి తొంభై తగ్గేవి కావు. నడిపోడి లెక్కలు కూడా అదే చేసిపెట్టేది. 1999 జూన్‌కు డిగ్రీ మొదటి సంవత్సరం పూర్తి చేసింది. ఆ నెల మనియార్డరు రాలేదు. అమ్మీ మా వకీలు దగ్గరికి పోయింది. "పద్ధెనిమిది నిండినయ్ కదమ్మా, ఇంకేం కేసు? కథ ఖతం" అన్నాడాయన. ఫైలు కట్ట కట్టి అమ్మీ చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి అమ్మీ ఒకటే మాట అంది: "ఇంక దీన్ని ఒక ఇంటిదాన్ని చేద్దాం." 2000 జనవరిలో రంజాన్ ఈద్ అయ్యాక, షవ్వాల్ నెలలో నిఖా. డిగ్రీ రెండో సంవత్సరం మధ్యలో ఆగింది. మళ్ళీ మొదలు కాలేదు.

2001 సెప్టెంబరు. నడిపోడు అప్పటికి ఒక పేపర్లో సబ్ ఎడిటర్. డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1986 చట్టాన్ని కొట్టేయలేదు గానీ, తలాక్ అయిన భార్య మిగతా బతుక్కు కూడా సరిపోయే ఏర్పాటును భర్త ఇద్దత్ లోపలే చేయాలని కోర్టు చెప్పింది. ఆ వార్తను తెలుగు చేస్తూ, వెనకటి కేసులు తిరగేస్తుంటే ఒక పేరు తగిలింది. నూర్ సబా ఖాతూన్.

ఆమెది బీహార్. ముగ్గురు పిల్లలు. కింది కోర్టు పిల్లలకు తలా నూటయాభై ఇమ్మంది. భర్త తలాక్ ఇచ్చి, 1986 చట్టం ప్రకారం పిల్లలకు పుట్టిన రెండేళ్ళ దాకానే ఇవ్వాలని వాదించాడు. పాట్నా హైకోర్టు అవునంది. సుప్రీంకోర్టు కాదంది. ఆ రెండేళ్ళ మాట తల్లి తన కోసం అడిగేదానికి సంబంధించినదనీ, పిల్లల హక్కు వేరనీ, దాన్ని తలాక్ చట్టం తాకలేదనీ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. పిల్లలు మేజర్లయ్యేదాకా, లేదా తమ కాళ్ళ మీద తాము నిలబడేదాకా, ఏది ముందైతే అప్పటిదాకా తండ్రి పోషించాలి. ఆడపిల్లలనైతే పెళ్ళయ్యేదాకా పోషించాలి. ఆ తీర్పు తేదీ 1997 జూలై 29.

ఆడపిల్లలనైతే పెళ్ళయ్యేదాకా. మా వకీలు ఫైలు కట్ట కట్టిన నాటికి ఆ తీర్పు వచ్చి రెండేళ్ళు కావస్తోంది.

కోర్టు దీన్ని కొత్తగా కనిపెట్టిందీ కాదు. మా హనఫీ ఫిఖ్‌లో ఆడపిల్ల నఫఖా నిఖా దాకా తండ్రి మీదనే ఉంది. మగపిల్లవాడికి మాత్రం బాలిగ్ అయ్యేదాకానే. అంటే అమ్మీ పెద్దోడి మీసాల గురించి అన్నది ఫిఖ్ లెక్కే. మగపిల్లవాడికి కోడ్ మేలు, ఆడపిల్లకు ఫిఖ్ మేలు. మా చిన్నదానికి కోడ్‌ను చూపించి ఆపేశారు. ఫిఖ్‌ను ఎవరూ చూపించలేదు. షరీఅత్‌ను కాపాడుకోవాలని మైకుల్లో చెప్పిన మా పెద్దలు ఆ షరీఅత్ ఒక గరీబు పిల్లకు పనికొచ్చే రోజున నోరు మెదపలేదు. వాళ్ళకు తెలియక కాదు. అబ్బా మగవాడు, చిన్నది ఆడపిల్ల, అంతే.

సెక్యులర్ మిత్రులకూ ఒక మాట ఉంది. ముస్లిం పర్సనల్ లా అనగానే మీకు తలాక్ ఒక్కటే గుర్తొస్తుంది. దాని మీద మీకున్న కోపంలో న్యాయం ఉంది, ఆ కోపం మాకూ ఉంది. కానీ పెళ్ళికాని కూతురి మాట దగ్గర ఆ లా 125వ సెక్షన్ కన్నా ముందుంది. హిందూ ఆడపిల్లకు 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టంలో 20వ సెక్షన్ ఉంది. పెళ్ళికాని కూతురు సొంత సంపాదనతో బతకలేకపోతే పద్ధెనిమిది దాటినా తండ్రే పోషించాలని అది రాసి పెట్టింది. జబ్బో వైకల్యమో లేని మేజరు కూతురికి 125 కింద రాదనీ, ఆ 1956 చట్టం కింద అడగవచ్చనీ 2020లో సుప్రీంకోర్టు అభిలాష కేసులో చెప్పింది. మా ఆడపిల్లకు అట్లా చట్టంలో అచ్చేసిన సెక్షన్ లేదు. ఫిఖ్ ఉంది, నూర్ సబా తీర్పు ఉంది, వాటిని పట్టుకుని ఫ్యామిలీ కోర్టుకు పోయే దారి ఉంది. దారి ఉందని చెప్పే మనిషే మాకు లేడు. ఇక మగపిల్లవాడికంటారా, ఒళ్ళు బాగుంటే హిందువైనా ముస్లిమైనా పద్ధెనిమిదితో సరి. లారీ షెడ్లలో మా పెద్దోడి పక్కన పనిచేసిన వాళ్ళంతా సాయిబులు కాదు.

ఆ తీర్పు సంగతి పట్టుకుని నడిపోడు చిన్నదాని అత్తగారింటికి పోయాడు. అప్పుడది కడుపుతో ఉంది. అంతా విన్నది. "వంద రూపాయలకు డిగ్రీ అయ్యేదా భయ్యా?" అంది. "వందే ఎందుకు, పెంచమని అడిగేవాళ్ళం" అన్నాడు వాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "తెలిసినా ఏం జేస్తుంటిమి? అమ్మీ మళ్ళీ పోయి నిశానీ వేయాలె కదా." అప్పటి నుంచి మా మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు. రానివ్వలేదు.

2011లో అబ్బాకు పక్షవాతం వచ్చింది. హైదరాబాద్ ఇంట్లో చూసేవాళ్ళు లేక మా టౌనుకు వచ్చి పెద్దోడి షెడ్డు ముందు కూర్చున్నాడు. ఆ 125వ సెక్షన్‌లోనే ఇంకో క్లాజు ఉంది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులను పిల్లలు పోషించాలి. తండ్రి బాధ్యతకు పద్ధెనిమిది అని ఆఖరు తేదీ ఉంది. కొడుకు బాధ్యతకు ఏ తేదీ లేదు. పెద్దోడు సెక్షన్లు చూడలేదు. నెలకు వెయ్యి, మందులు వేరే. మూడేళ్ళు, అబ్బా పోయేదాకా ఇచ్చాడు. ఒక్క నెలా ఎగ్గొట్టలేదు. వాడిది పెద్ద మనసని జనం అన్నారు. "పదో తారీకు దాటితే ఎట్లుంటదో నాకెరుక" అన్నాడు వాడు.

2024 జూలై 1 నుంచి పాత కోడ్ పోయి కొత్త నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. 125వ సెక్షన్ ఉన్న చోట ఇప్పుడు 144 ఉంది. అదే నెల పదో తేదీన, తెలంగాణ నుంచి పోయిన కేసులోనే, తలాక్ అయిన ముస్లిం మహిళ 125 కింద కూడా భరణం అడగవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. టీవీల్లో మళ్ళీ అవే వాదాలు, మళ్ళీ అవే గడ్డాలు, అవే బొట్లు. ఆ రాత్రి కూడా పిల్లల గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. మా అమ్మీ ఉంటే టీవీ కట్టేయమనేది.

ఇప్పుడు మా మొహల్లాలో ఎవరికి కోర్టు కాగితం వచ్చినా నడిపోడి దగ్గరికి తెస్తారు. ఒక సాయంత్రం ఒకామె వచ్చింది. వెంట కూతురు. డిగ్రీ మొదటి సంవత్సరం. "భయ్యా, బిడ్డకు పద్ధెనిమిది నిండుతున్నయ్. పైసలు ఆపుతడంట వాళ్ళ అబ్బా. నిజమేనా?" అని అడిగింది. పుట్టిన తేదీ ఎంతని అడిగితే "బడిలో రాసింది చెప్పాల్నా, అసలుది చెప్పాల్నా?" అంది. నలభై ఏళ్ళయినా హెడ్మాస్టర్లు మారలేదు.

వకీలుకు ఇవ్వడానికి అన్నీ వివరంగా రాసిస్తానని నడిపోడు కూర్చున్నాడు. నూర్ సబా తీర్పు రాశాడు. ఫిఖ్ సంగతి రాశాడు. చివర్లో, కూతురికి నిఖా అయ్యేదాకా నఫఖా ఇప్పించాలని రాశాడు. ఇరవై ఏళ్ళకు పైగా కడుపులో పెట్టుకున్న వాక్యం అది. రాసి పైకి చదివాడు. తల్లి దుపట్టాతో కళ్ళు తుడుచుకుంది. పిల్ల మాత్రం కాగితం వైపే చూస్తోంది.

"మామూ, నిఖా అయ్యేదాకా అని ఎందుకు? చదువు అయ్యేదాకా అని రాయరాదా?"

నడిపోడి దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. ఆ రాత్రి ఫోన్ చేసి చెప్తే చిన్నది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాసినవా మరి?" అని అడిగింది.

రాశాం. కోడ్‌లో అట్లాంటి సెక్షన్ లేదు. నిఖా మాట పక్కనే, చదువు అయ్యేదాకా అని కూడా రాశాం. కింద ఆ తల్లి ఉర్దూలో సంతకం చేసింది.